ఐదెకరాలు కొందామంటున్నారు, ఏం చెప్పాలి?

ప్రశ్న: నమస్తే అక్కా. మేం మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్‌లో ఉంటాం. సొంతిల్లు, ఇద్దరు పిల్లలు. అమ్మాయి పదో తరగతి, బాబు మూడో తరగతి. మామగారు పోయాక మా అత్తగారు కూడా మా దగ్గరికే వచ్చేశారు. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, మోకాళ్ళ నొప్పులు. మావారిది తెనాలి దగ్గర పల్లెటూరు. ఆయన్ని పైచదువుకి ఇక్కడికి పంపడానికి ఉన్న ఐదెకరాలూ అమ్మేశారు. ఇప్పుడు గిస్‌బోర్న్ దగ్గర ఐదెకరాల్లో ఉన్న ఇల్లు ఒకటి చూసొచ్చి, టార్నీట్ ఇల్లు అమ్మేసి అక్కడికి వెళ్ళిపోదాం అంటున్నారు. పిల్లలకి మట్టి తెలుస్తుందట, అమ్మకి పల్లె వాతావరణం దొరుకుతుందట, కోళ్ళూ మేకలూ పెంచుకోవచ్చట, పైగా నాలుగేళ్ళలో చుట్టూ ప్లాట్లు పడి భూమి బంగారమైపోతుందట. వచ్చే నెలలోనే వేలం. నాకేమో పాములు, కార్చిచ్చులు, చుట్టుపక్కల మనవాళ్ళు ఒక్కరూ లేకపోవడం తలుచుకుంటేనే టెన్షన్. వద్దంటే ఆయన మొహం చిన్నబోతోంది. ఎలా నచ్చజెప్పి ఆపాలి?
- ఒక సోదరి, టార్నీట్

సమాధానం:

ఆపడం ఎలా అని అడిగారు. పూర్తిగా ఆపమని నేను చెప్పను. ఐదెకరాలను ఒక ఎకరానికి తగ్గించమని, వచ్చే నెల అన్నదాన్ని అమ్మాయి పన్నెండో తరగతి అయ్యేదాకా వాయిదా వేయమని చెప్తాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఉత్తరం మీవారికి కూడా చూపించండి. నేనుండేది మెల్‌బోర్న్ తూర్పు అంచున, కొండల దగ్గర. మాది వాన నీళ్ళ ట్యాంకు, సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇల్లే. ఆ బతుకంటే నాకు ఇష్టం కాబట్టే ఇదంతా చెప్పగలుగుతున్నాను.

మీవారి మనసులో ఉన్న పల్లె ఎలాంటిదో మీకూ తెలుసు. ఇళ్ళన్నీ ఒకచోట, గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. పొలాలు ఊరి బయట. పొద్దున్నే చేలోకి వెళ్ళినవాళ్ళు పొద్దుగూకేసరికి ఊళ్ళోకి వచ్చేస్తారు. అరుగు మీద కూర్చుంటే చాలు, దారినపోయే ప్రతివాళ్ళూ పలకరిస్తారు. గిస్‌బోర్న్, రిడల్స్ క్రీక్ చుట్టూ ఉన్న ఎకరాల ఇళ్ళలో ఆ ఏర్పాటే లేదు. ఇక్కడ ఎవరి చేలో వాళ్ళే ఇల్లు కట్టుకుంటారు. గేటు నుంచి గుమ్మానికే పెద్ద నడక. రాత్రిపూట పక్కింటి దీపం చెట్ల సందుల్లోంచి కనిపిస్తే కనిపించినట్టు. రోడ్డు పక్కన నడిచే బాట ఉండదు, చాలాచోట్ల వీధి దీపాలుండవు, కార్లు వంద కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. అంటే మీవారికి పొలం దొరుకుతుంది గానీ, మీ అత్తగారికి ఊరు దొరకదు.

ఇప్పుడు టార్నీట్‌లో ఆవిడ రోజు ఎలా గడుస్తోందో ఒకసారి గమనించండి. సాయంత్రం పార్కు బెంచీ మీద తన ఈడువాళ్ళు దొరుకుతారు. నడిచి వెళ్ళేంత దూరంలో తెలుగు మాట వినపడుతుంది. ఇండియన్ షాపుకి వెళ్తే బెండకాయలు తనే ఏరుకుంటుంది. ఆవిడకి పల్లె అంటే అదే. గిస్‌బోర్న్ దగ్గరి ఇంట్లో మీరిద్దరూ ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్ళాక ఆవిడ ఒక్కతే మిగులుతుంది. కారు నడపలేదు, ఫోన్లో ఎవరైనా ఇంగ్లిష్‌లో మాట్లాడితే జవాబు చెప్పలేదు. ఈ విషయం కొడుకు దగ్గర ఆవిడ నోరు విప్పి అనదు. ఆవిడ బదులు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

రెండోది, పని. తెనాలి పొలంలో ఐదెకరాలకి కూలీలు వచ్చేవారు, కాలవ నీళ్ళు వచ్చేవి, అరక కావాలంటే పక్కవాణ్ణి అడిగేవారు. ఇక్కడ ఆ ఐదెకరాలకి కూలీ మీవారే. ఆయన లేనప్పుడు మీరు. అక్టోబర్, నవంబర్‌లో గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. ఎండాకాలానికి ముందే దాన్ని కోసేయాలి, లేకపోతే కౌన్సిల్ నుంచి నోటీసు వస్తుంది. ఆ తర్వాత మంటల సీజన్ ప్రకటించాక ఎండుకొమ్మలు కాల్చాలంటే పర్మిట్ కావాలి. కంచె తెగితే మీరే కట్టుకోవాలి. ఆ పడమటి ప్రాంతాల్లో సెరేటెడ్ టసక్ అనే మొండి గడ్డి ఒకటి ఉంటుంది. మామూలుగా చూస్తే పచ్చగా, ముద్దుగానే ఉంటుంది. పశువులు దాన్ని ముట్టవు, విత్తనం గాలికి కిలోమీటర్ల కొద్దీ పోతుంది. దాన్ని అదుపు చేయడం భూమి యజమాని బాధ్యత అని విక్టోరియాలో 1994 నుంచి చట్టమే ఉంది. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు పచ్చగా ఉందని మురిసిపోకుండా, ఆ గడ్డిలో ఏముందో తెలిసినవాళ్ళకి చూపించుకోవాలి.

మేకలంటారా, ఒక్క మేకని పెట్టుకున్నా ఆ స్థలానికి ప్రాపర్టీ ఐడెంటిఫికేషన్ కోడ్ (పశువులుండే స్థలానికి ప్రభుత్వమిచ్చే గుర్తింపు నంబరు) తీసుకోవాలి. మేకకి చెవిపోగు వేయించాలి. కోళ్ళని చీకటి పడేలోపు గూట్లో పెట్టి గడియ వేయకపోతే నక్క వదలదు. తోట వేస్తే కుందేళ్ళు కిందనుంచి, పాసమ్‌లు పైనుంచి వస్తాయి. వలకంచెని భూమిలోకి కూడా దింపితేనే మీ దోసపాదు మీకు మిగులుతుంది. గిస్‌బోర్న్ టార్నీట్ కంటే చాలా ఎత్తులో ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుని తెల్లగా కనపడుతుంది. కరివేపాకు మొక్కని ఆరుబయట వదిలితే ఒక్క రాత్రిలో మాడిపోతుంది, కుండీలోనే పెంచి లోపలికి తెచ్చుకోవాలి. గోంగూర, బీర, సొర మాత్రం మంచు వెళ్ళాక వేస్తే ఎండాకాలంలో బాగానే వస్తాయి. ఈ సంగతి మీవారికి చెప్పండి, సంతోషిస్తారు.

ఇక నీళ్ళు. ఇది మీరిద్దరూ కాగితం మీద లెక్క వేసుకోవాలి. ఆ ఇంటికి టౌన్ వాటర్ ఉందా, ట్యాంకు నీళ్ళేనా అన్నది ముందు అడగండి. ట్యాంకు అయితే లెక్క తేలికే. చదరపు మీటర్ పైకప్పు మీద ఒక మిల్లీమీటర్ వాన పడితే ఒక లీటరు. 250 చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. ఒక్క చుక్క పోకుండా పట్టినా 1,75,000 లీటర్లు. మీరు ఐదుగురు. మనిషికి రోజుకి 150 లీటర్లు వేసుకుంటే ఏడాదికి 2,73,750 లీటర్లు. ఆ తేడాని ట్యాంకర్‌తో తెప్పించుకోవాలి, లేదా వాడకం సగానికి దించాలి. ట్యాంకు ఇళ్ళలో పెరిగిన పిల్లలు మూడు నిమిషాల్లో స్నానం ముగిస్తారు. మీ అమ్మాయికి పదిహేనేళ్ళు, తలస్నానానికి ఎంతసేపు పడుతుందో మీకే తెలుసు. సత్యనారాయణ వ్రతానికి యాభై మందిని పిలిచారనుకోండి, అంతమంది వాడిన నీళ్ళూ ఒక్కరోజులో సెప్టిక్‌లోకే పోతాయి. గిన్నెల నూనె, తడి వైప్స్, బ్లీచ్ అందులో పడకూడదు. మూడేళ్ళకోసారైనా ట్యాంకు ఖాళీ చేయించాలి.

కరెంటు పోతే ఇంకో సంగతి ఉంది, ఇల్లు చూపించే ఏజెంట్లు ఎవరూ చెప్పరు. ట్యాంకు నీళ్ళు కొళాయిలోకి వచ్చేది కరెంటు పంపుతో. కరెంటు పోయిన మరుక్షణం కొళాయి ఆగిపోతుంది. టాయిలెట్ ఫ్లష్ ఒక్కసారి పనిచేస్తుంది, రెండోసారికి నీళ్ళుండవు. 2021 జూన్‌లో వచ్చిన పెనుగాలికి డాండినాంగ్ కొండల్లో చెట్లు కూలి, కొన్ని ఇళ్ళకి వారాల తరబడి కరెంటు రాలేదు. అందుకే మావైపు గాలివాన హెచ్చరిక రాగానే ముందు బకెట్లు, స్నానాల తొట్టి నింపుతాం, ఆ తర్వాతే ఫోన్ చార్జింగ్ సంగతి. జనరేటర్ పెట్టుకోవచ్చు. దాన్ని నడపడం ఇంట్లో కనీసం ఇద్దరికి రావాలి.

మంటల గురించి మీ భయం న్యాయమైనదే. మాసిడన్ కొండని 1983 ఫిబ్రవరిలో యాష్ వెన్స్‌డే మంటలు తగలబెట్టాయి. 2009 ఫిబ్రవరి 7న, బ్లాక్ సాటర్డే రోజు, విక్టోరియా అంతటా మొత్తం 173 మంది చనిపోయారు, అందులో ఎక్కువమంది కింగ్‌లేక్, మేరీస్‌విల్ వైపు వాళ్ళే. చివరి నిమిషంలో కార్లలో బయల్దేరి రోడ్డు మీద చిక్కుకున్నవాళ్ళు అందులో ఉన్నారు. ఆ తర్వాత హెచ్చరికల పద్ధతి మొత్తం మారింది. 2022 సెప్టెంబర్ నుంచి నాలుగే మెట్లు: మోడరేట్, హై, ఎక్స్‌ట్రీమ్, కెటాస్ట్రాఫిక్. కెటాస్ట్రాఫిక్ అని ప్రకటిస్తే, ముందురోజు రాత్రే గానీ ఆ ఉదయం పెందలాడే గానీ ఇల్లు వదిలి వెళ్ళిపోవాలి. పొగ కనపడేదాకా ఆగకూడదు. ఫోన్లో ప్రభుత్వ హెచ్చరికలు వచ్చే విక్‌ఎమర్జెన్సీ యాప్ పెట్టుకోవాలి. బ్యాటరీతో నడిచే రేడియో కూడా ఉండాలి, ఎందుకంటే అలాంటి రోజుల్లో నెట్‌వర్క్ పోవచ్చు.

ఇది చదివి బెంబేలు పడకండి. చెప్పొచ్చేదేమిటంటే, ఇది ఇంటిల్లిపాదీ ముందే కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. జనవరి మధ్యలో, 42 డిగ్రీల ఎండలో, ఒక బుధవారం అనుకోండి. మీవారు సిటీలో ఆఫీసులో ఉన్నారు. పిల్లలకి వేసవి సెలవులు, ఇంట్లోనే ఉన్నారు. అత్తగారూ ఇంట్లోనే. మీరు టార్నీట్ వైపు ఉద్యోగంలో ఉన్నారు. ఆ ముగ్గురినీ పొద్దున్నే ఎవరు, ఏ కారులో, ఎక్కడికి తీసుకెళ్తారు? వేసవి అంతా అలాంటి రోజులు ఎన్నిసార్లు వచ్చినా అన్నిసార్లూ సెలవు పెట్టి వెళ్ళగలరా? దీనికి మీవారి దగ్గర పేర్లతో సహా జవాబు ఉంటే సగం భయం తీరినట్టే. లేకపోతే ఆ ఇంటికి మీరు ఇంకా సిద్ధంగా లేనట్టే.

పాముల గురించి క్లుప్తంగా చెప్తాను. టైగర్ స్నేక్, ఈస్టర్న్ బ్రౌన్ రెండూ అక్కడుంటాయి, రెండూ ప్రాణాంతకమే. వాటిని చంపడం చట్టవిరుద్ధం. లైసెన్సున్న పాములు పట్టేవాళ్ళుంటారు, పిలిస్తే వస్తారు. కాటేస్తే మనిషిని కదలనివ్వకుండా, కాటు చోటు కడగకుండా, కాలో చెయ్యో మొత్తం సాగే బ్యాండేజీతో గట్టిగా చుట్టి 000కి ఫోన్ చేయాలి. కాటుకి పైన తాడు కట్టడం, కోసి రక్తం పీల్చడం లాంటి మన పాత పద్ధతులు ఇక్కడ పూర్తిగా వద్దని అత్తగారికి ప్రత్యేకంగా చెప్పండి. ఇంటి చుట్టూ గడ్డి పొట్టిగా, కట్టెలు గోడకి దూరంగా ఉంటే చాలావరకు అవి ఇంటి జోలికి రావు. ఇంకొకటి, విక్టోరియాలో అంబులెన్స్ ఖర్చు మెడికేర్ భరించదు. అంబులెన్స్ విక్టోరియా మెంబర్‌షిప్ లేకపోతే ఇప్పుడే తీసుకోండి, దీనికి గిస్‌బోర్న్ దాకా వెళ్ళక్కర్లేదు.

"నాలుగేళ్ళలో ప్లాట్లు పడతాయి" అన్న మాట దగ్గర మాత్రం మీవారికి గట్టిగా చెప్పాలి. హైదరాబాద్ చుట్టూ జరిగింది చూసి మనవాళ్ళు ఇక్కడా అదే జరుగుతుందనుకుంటారు. మెల్‌బోర్న్ ఎక్కడిదాకా పెరగాలో చట్టప్రకారం గీసిన గీత ఉంది. ఆ గీత జరపాలంటే పార్లమెంటు ఉభయ సభలూ ఒప్పుకోవాలి. అటువైపు ఆ గీత సన్‌బరీ దగ్గరే ఆగిపోతుంది. గిస్‌బోర్న్ ఉన్న మాసిడన్ రేంజెస్‌ని 2018లో ప్రత్యేకంగా కాపాడాల్సిన ప్రాంతంగా ప్రకటించారు. ఒకవేళ ఎప్పుడైనా జోన్ మారి భూమి విలువ ఎగబాకినా, 2023 జూలై 1 నుంచి విండ్‌ఫాల్ గెయిన్స్ ట్యాక్స్ ఉంది. పెరిగిన విలువ ఐదు లక్షల డాలర్లు దాటితే అందులో సగం ప్రభుత్వానికే పోతుంది. ఇల్లున్న భూమికి రెండు హెక్టార్ల వరకు మినహాయింపు ఉన్నమాట నిజమే, ఐదెకరాలంటే దానికి ఇంచుమించు అంతే. అయినా రేటు పెరుగుతుందన్న ఆశతో ఆ భూమి కొనకూడదు. అక్కడ బతకాలని ఉంటేనే కొనాలి.

అమ్మాయి సంగతి. వచ్చే రెండేళ్ళూ వీసీఈ, అంటే పదకొండు, పన్నెండు తరగతుల చదువు. ఈ వయసులో స్నేహితుల్ని, టీచర్లని మార్చడం ఒకెత్తు, బయటికి కదలాలంటే ప్రతిసారీ మీ కారే దిక్కవడం ఇంకో ఎత్తు. విక్టోరియాలో పద్దెనిమిదేళ్ళు నిండితే గానీ పీ ప్లేట్, అంటే ఒంటరిగా కారు నడిపే లైసెన్సు, రాదు, దానికి ముందు పక్కన పెద్దవాళ్ళు కూర్చుని 120 గంటలు నడిపించాలి. సంధ్యవేళ ఆ రోడ్ల మీదికి కంగారూలు గెంతుతాయి. కొత్తగా నేర్చుకునే పిల్లకి అది అంత తేలిక కాదు. గిస్‌బోర్న్‌కి బెండిగో లైన్ రైలుంది. 2023 మార్చి నుంచి ఆ టికెట్ రోజుకి సిటీ రైలు టికెట్‌ని మించకుండా పరిమితి పెట్టారు, అది మేలే. కానీ స్టేషన్ ఉన్నది ఊరికి ఎడంగా న్యూ గిస్‌బోర్న్‌లో, రైళ్ళు కూడా సిటీలోలాగా వెంటవెంటనే ఉండవు. ఇల్లు స్టేషన్‌కి నడిచేంత దగ్గరలో ఉండడమా, పది కిలోమీటర్లు లోపలికి ఉండడమా అన్నదే ఆ పిల్ల కాలేజీ రోజుల్ని తేలుస్తుంది.

ఇన్ని చెప్పి మళ్ళీ ఎకరమైనా కొనమని ఎందుకంటున్నానో చెప్పాలి. ఆ జీవితంలో నిజంగా మంచి ఉంది. ఆగస్టులో వాటిల్ చెట్లు పసుప్పచ్చగా పూస్తాయి. తెల్లారకముందే కూకబరాలు మొదలెడతాయి. రాత్రి ఆకాశం నిండా నక్షత్రాలు. మీ మూడో తరగతి బాబుకి అది స్వర్గం. మనవాళ్ళు లేరన్న దిగులు కూడా మీరనుకున్నంత కాలం ఉండదు. మా దారిలో చెట్టు అడ్డంగా పడితే ఫోన్ చేయక్కర్లేదు, ఎవరో ఒకరు చైన్‌సా తీసుకుని వచ్చేస్తారు. పని అయ్యాక నిలబడి కబుర్లు చెప్పుకుంటాం. అక్కడ మంటలార్పే సీఎఫ్‌ఏ దళాల్లో ఎక్కువమంది వాలంటీర్లే. మంటల్లోకి వెళ్ళక్కర్లేని పనులు కూడా అందులో ఉంటాయి. కొత్తగా వచ్చిన కుటుంబం ఊరివాళ్ళతో కలిసిపోవడానికి అంతకంటే మంచి దారి నాకు తెలియదు.

మీ ఉత్తరంలో ఐదెకరాలు అన్న మాట రెండుసార్లు వచ్చింది, గమనించారా? నాన్నగారు అమ్మిందీ ఐదే, ఈయన చూసొచ్చిందీ ఐదే. ఆయన మొహం చిన్నబోవడానికి కారణం పాముల లెక్కల్లో దొరకదు. అందుకే ముందు వేలం సంగతి ఎత్తకండి. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ పాత పొలం గురించి అడగండి. ఎక్కడుండేది, గట్టు మీద ఏ చెట్లుండేవి, అమ్మిన రోజు నాన్నగారు ఏమన్నారు అని. అత్తగారిని కూడా కూర్చోబెట్టుకోండి. ఆయన చెప్పుకున్నాక, "మీకు భూమి కావాలి, నాకూ అర్థమైంది, అందరం బతకగలిగే భూమి చూద్దాం" అనండి. అప్పుడది అడ్డుపుల్ల వేసినట్టుండదు.

అందరూ బతకగలిగేది అంటే నా లెక్కలో ఇది. లో డెన్సిటీ రెసిడెన్షియల్ జోన్‌లో (పెద్ద స్థలాల్లో ఎడంగా ఇళ్ళు కట్టుకునే ప్రాంతంలో) ఎకరం లోపు స్థలం, టౌన్ వాటర్ ఉన్నది, షాపుకో స్టేషన్‌కో నడవగలిగేది. గిస్‌బోర్న్ ఊరి అంచున, సన్‌బరీ, బాకస్ మార్ష్ పక్కల అలాంటివి దొరుకుతాయి. ఎకరంలో కోళ్ళు, కూరగాయలు, పది పళ్ళచెట్లు హాయిగా పడతాయి. గడ్డి శనివారం ఒక్క పూటలో అయిపోతుంది. అమ్మాయి పన్నెండో తరగతి అయ్యాక, కొనేముందు టార్నీట్ ఇల్లు అద్దెకిచ్చి, అటువైపు ఒక ఇల్లు అద్దెకి తీసుకుని ఒక చలికాలం, ఒక ఎండాకాలం గడపండి. అద్దె దండగ అంటారేమో. పది లక్షల డాలర్ల ఇంటికి స్టాంప్ డ్యూటీయే 55,000 డాలర్లు. నచ్చక తిరిగొస్తే అది పోయినట్టే, మళ్ళీ కొనే ఇంటికి ఇంకోసారి కట్టాలి. అద్దెకుండే ఏడాదిలో అత్తగారు నోరు విప్పి చెప్పకపోయినా ఆవిడ మొహం చూస్తే తెలిసిపోతుంది.

ఇంత చెప్పినా వచ్చే నెల వేలానికి వెళ్తామంటే ఒకటి గుర్తుంచుకోండి. విక్టోరియాలో ప్రైవేటుగా కొంటే మూడు పనిదినాల్లోపు మనసు మార్చుకోవచ్చు. వేలంలో, ఇంకా వేలానికి ముందూ వెనకా మూడు పనిదినాల్లో కొన్నా ఆ వెసులుబాటు లేదు. కాబట్టి సెక్షన్ 32 కాగితాలు (అమ్మేవాళ్ళు ఇచ్చే ఆస్తి వివరాలు) ఈ వారమే తెప్పించి, కొనుగోలు పత్రాలు చూసే కన్వేయన్సర్‌కి ఇవ్వండి. జోన్ ఏమిటి, బుష్‌ఫైర్ మేనేజ్‌మెంట్ ఓవర్‌లే (కార్చిచ్చు ముప్పున్న చోట కట్టడాల మీద అదనపు నిబంధనలు) ఉందా, సెప్టిక్‌కి కౌన్సిల్ పర్మిట్ ఉందా అని అడగండి. బ్యాంకు వాళ్ళు ఐదెకరాల మీద ఎంత అప్పిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి, కొన్ని బ్యాంకులు ఎక్కువ భూమి ఉంటే డిపాజిట్ పెంచమంటాయి. ఇన్సూరెన్స్ కోట్ కూడా వేలానికి ముందే తెప్పించుకోండి. చాలా పాలసీల్లో మొదటి 72 గంటలు కార్చిచ్చుకి కవర్ ఉండదు, అందుకని ఎండాకాలంలో కొంటే పాలసీ ఏ రోజు మొదలవుతుందో చూసుకోవాలి. ఈ కాగితాలన్నీ చేతికి రాకుండా మీవారు చెయ్యెత్తి పాట పాడనని మీకు మాట ఇవ్వాలి. అది అడిగే హక్కు మీకుంది.